లాస్ వేగాస్ టీవీ హన్మకొండ హాల్లోకి వచ్చేసరికి ఏం మిగులుతుంది?

జనవరి మొదటి వారం వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే లాస్ వేగాస్‌లో జరిగే ఎలక్ట్రానిక్స్ షో సీఈఎస్ వీడియోలే. గోడంత టీవీ, అద్దంలా అవతలి వైపు కనిపించే టీవీ, మెట్లెక్కే రోబో, వేలికి పెట్టుకుంటే నిద్ర లెక్కలు చెప్పే ఉంగరం. ఏప్రిల్, మే నాటికి హన్మకొండ చౌరస్తాలోనో కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరో షోరూంలో నిలబడి చూస్తే వాటిలో ఒక్కటీ కనిపించదు, కానీ పోయినేడు లేని పేర్లు మాత్రం అట్టపెట్టెల మీద కొత్తగా దిగి ఉంటాయి: మినీ ఎల్‌ఈడీ, ఏఐ అప్‌స్కేలింగ్, 144 హెర్ట్జ్, ఇంకా ఏవేవో. అక్కడ చూపించిన దానికీ ఇక్కడ అమ్ముతున్న దానికీ మధ్య ఏం జరుగుతుంది, అందులో ఏది మన ఇంట్లో నిజంగా తేడా చూపిస్తుంది? ముందే చెప్పేస్తే, ఆ షో అంతా తెర ఎంత చేయగలదో చెబుతుంది. ఇంట్లో బొమ్మ ఎలా ఉంటుందన్నది మాత్రం తెరలోకి వచ్చే సిగ్నలు, గదిలో పడే వెలుతురు, లైనులో వచ్చే కరెంటు తేలుస్తాయి. ఈ మూడింటి గురించి లాస్ వేగాస్‌లో ఎవరూ మాట్లాడరు.

సీఈఎస్ అంటే నుమాయిష్‌లా టికెట్ కొనుక్కుని పిల్లలతో తిరిగొచ్చే ఎగ్జిబిషన్ కాదు. మామూలు జనానికి లోపలికి ఎంట్రీ లేదు. కంపెనీలు, డీలర్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు, విలేకరులు, వీళ్లే వస్తారు. కన్స్యూమర్ టెక్నాలజీ అసోసియేషన్ నడిపే ఈ షో మొదటిసారి జరిగింది 1967 జూన్‌లో, న్యూయార్క్‌లో. అదే ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. తర్వాత ఆ సంస్థ చేసిన ఈసీ టీవీలు పాతతరంలో చాలామందికి ఇంకా గుర్తే ఉంటాయి. వీసీఆర్, సీడీ ప్లేయర్, డీవీడీ, హెచ్‌డీ టీవీ లాంటివి జనం దృష్టికి వచ్చింది సీఈఎస్ వేదిక మీదే కాబట్టి, అక్కడ ఏది కనిపించినా రేపు మన ఇంట్లోకి వచ్చేది ఇదే అన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. ఆ నమ్మకాన్ని కంపెనీలు బాగానే వాడుకుంటాయి.

గత పదిహేనేళ్ల లెక్క తీస్తే సంగతి తెలుస్తుంది. 2010లో షో మొత్తం త్రీడీ టీవీలే. ఇంటిల్లిపాదీ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుంటారనుకున్నారు, 2017కల్లా ఎల్‌జీ, సోనీ కూడా వదిలేశాయి. 2013, 2014లో వంపు తిరిగిన టీవీలొచ్చాయి. నడుమ కూర్చున్న ఒక్కరికే సరిగ్గా కనిపించే టీవీని ఆరుగురు చూసే ఇంటికి అమ్మాలనుకోవడం ఏం తెలివో! 2019లో ఎల్‌జీ, బటన్ నొక్కితే చుట్టుకుని కింది పెట్టెలోకి దిగిపోయే టీవీని చూపించింది. 2022లో అది ఇండియాకూ వచ్చింది, ధర 75 లక్షలు. ఆ డబ్బు పెడితే కాజీపేటలో ఫ్లాటే వస్తుంది. ఇప్పుడు ఆ టీవీ తయారీలో లేదు. శామ్‌సంగ్ ఇంట్లో దొర్లుతూ తిరిగే 'బాలీ' అనే బంతి రోబోను 2020లో చూపించింది, 2024లో మళ్లీ చూపించింది, 2025లో ఇంకోసారి చూపించింది, అమ్మకానికి మాత్రం పెట్టలేదు. 2024లో వార్తలన్నీ నింపేసిన ఎల్‌జీ పారదర్శక టీవీ ఆ ఏడాది చివర్లో అమెరికాలో దాదాపు 60 వేల డాలర్లకు వచ్చింది. దాని వెనక గోడ కనిపించడం వల్ల చూసేవాడికి లాభమేంటో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

అలాగని అక్కడ చూపించేదంతా ఉత్తదే అనుకోవడానికీ లేదు. 2007 షోలో సోనీ చూపించి, ఆ ఏడాది చివర్లో అమ్మకానికి పెట్టిన ఓఎల్‌ఈడీ టీవీ (వెనక లైటు లేకుండా ప్రతి చుక్కా తనే వెలిగే రకం) 11 ఇంచులే, పుస్తకమంత. 2012లో ఎల్‌జీ 55 ఇంచులది చూపించింది, మరుసటి ఏడాది అమ్మకం మొదలుపెట్టింది. ఇవాళ అదే సైజు ఓఎల్‌ఈడీ హన్మకొండ షోరూంలో ఈఎంఐ మీద దొరుకుతుంది. 2019లో టీసీఎల్ ముందుకు తెచ్చిన మినీ ఎల్‌ఈడీ ఇప్పుడు లక్ష లోపే ఉంది. ఆ షోలో కళ్లు తిప్పుకోనివ్వని వస్తువు మన దాకా రాదు, దాని పక్కన పెద్దగా ఎవరూ పట్టించుకోని భాగం ఐదారేళ్లకో పదేళ్లకో వస్తుంది. మైక్రో ఎల్‌ఈడీ ఎందుకు ఇంకా రాలేదో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అందులో ఒక్కో చుక్కకు ఎరుపు, పచ్చ, నీలం మూడు బుల్లి ఎల్‌ఈడీలు కావాలి. 4కే తెరలో చుక్కలు 83 లక్షలు, అంటే దాదాపు రెండున్నర కోట్ల ఎల్‌ఈడీలను తేడా రాకుండా తెర మీద పేర్చాలి. ఆ పనిని చవకగా, వేగంగా చేయడం ఇంకా ఎవరికీ చేతకాలేదు. శామ్‌సంగ్ 2023లో ఇండియాలో 110 ఇంచుల మైక్రో ఎల్‌ఈడీ టీవీకి పెట్టిన ధర 1.15 కోట్ల రూపాయలు.

ఇప్పుడు అసలు గొడవంతా వెనక లైటు దగ్గర నడుస్తోంది. మన దగ్గర ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేదాంట్లో ఉండేది ఎల్‌సీడీ ప్యానెలే. ఎల్‌సీడీకి సొంత వెలుగు ఉండదు, వెనక లైటు పెట్టాలి, ఆ లైటును ప్యానెల్ ఒక్కో చుక్క దగ్గర కొంత ఆపి కొంత వదిలి బొమ్మ చేస్తుంది. పూర్తిగా ఆపడం దానికి చేతకాదు. అందుకే చవక టీవీలో రాత్రి సీను నల్లగా కాకుండా బూడిద రంగులో కనిపిస్తుంది. మినీ ఎల్‌ఈడీలో వెనక వందలు, వేల చిన్న లైట్లు పెట్టి, వాటిని జోన్లుగా విడగొట్టి, చీకటి ఉన్న చోట ఆ జోన్ లైటు తగ్గిస్తారు. జోన్లు ఎక్కువైతే నలుపు నలుపులాగా ఉంటుంది. తక్కువైతే నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ చుట్టూ పొగలాగా వెలుగు కనిపిస్తుంది. పెట్టె మీద మినీ ఎల్‌ఈడీ అని ఉంటే సరిపోదు, జోన్లు ఎన్ని అని అడగాలి. చాలా షోరూంలలో ఈ ప్రశ్నకు జవాబు రాదు, అప్పుడు ఫోన్లో ఆ మోడల్ నంబరు కొట్టి చూసుకోవడమే.

రంగు సంగతి ఇంకోటి. ఈ టీవీల వెనక ఉండేది ఎక్కువగా నీలం ఎల్‌ఈడీనే. నీలం ఎల్‌ఈడీని చేసి చూపించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ నీలం వెలుగును క్వాంటం డాట్లు అనే అతి సూక్ష్మ కణాల మీద పడేస్తే, కణం సైజును బట్టి ఎరుపో పచ్చో వస్తుంది. దానికి 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. షోరూంలో క్యూఎల్‌ఈడీ అనేది ఈ కణాలున్న ఎల్‌సీడీనే, ఓఎల్‌ఈడీతో దానికి సంబంధం లేదు. ఒక్క అక్షరం తేడాతో రెండు వేరే వస్తువులను పక్కపక్కన పెట్టి అమ్మడం మార్కెటింగ్ వాళ్లకే తెలిసిన విద్య. ఇక 2025 షోలో హైసెన్స్ 116 ఇంచుల టీవీతో ఇంకో అడుగు వేసింది. వెనక లైటే ఎరుపు, పచ్చ, నీలంగా విడివిడిగా ఉంటుంది. సాయంత్రం ఎర్రటి ఆకాశం చూపించాలంటే అక్కడ ఎర్ర లైట్లే వెలుగుతాయి, కాబట్టి రంగు చిక్కగా వస్తుంది, వెలుగూ అంతగా వృథా కాదు. 2026లో శామ్‌సంగ్ అదే దారిలో 130 ఇంచుల మైక్రో ఆర్‌జీబీ టీవీని చూపించింది. పేర్లు ఎవరివి వాళ్లు పెట్టుకున్నారు గానీ లోపల ఆలోచన ఒకటే. దీనికీ ఒక హద్దుంది. జోన్ అనేది చుక్క కంటే చాలా పెద్దది, ఒకే జోన్‌లో ఎర్ర చీర, పచ్చ చేను పక్కపక్కన పడితే మూడు రంగులూ వెలగాల్సిందే, అక్కడ లాభం చాలా వరకు పోతుంది. మనకు దీనివల్ల దగ్గర్లో వచ్చే మేలు వేరే: పైన కొత్తది చేరగానే కిందున్న మామూలు మినీ ఎల్‌ఈడీ ధర దిగుతుంది.

వెలుగును నిట్లలో కొలుస్తారు. షోలో 5 వేల నిట్లు, 10 వేల నిట్లు అని బోర్డులు పెడతారు, అది తెర మీద ఒక చిన్న ముక్క కొద్దిసేపు వెలిగితే వచ్చే లెక్క. 43 ఇంచుల చవక టీవీల్లో చాలావాటికి 250, 300 నిట్లే ఉంటాయి, వాటి మీదా హెచ్‌డీఆర్ (వెలుగునూ చీకటినీ మామూలు కంటే ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి) స్టిక్కరు ఉంటుంది. ఆ స్టిక్కరుకు అర్థం హెచ్‌డీఆర్ సిగ్నలు వస్తే టీవీ తీసుకుంటుందని, అందులో ఉన్న వెలుగంతా చూపిస్తుందని మాత్రం కాదు. మన ఇళ్లలో పగలు వాకిలి తలుపు తీసే ఉంటుంది, వెలుతురు నేరుగా హాల్లోకి పడుతుంది, ఆదివారం మధ్యాహ్నం సినిమా చూసేది ఆ వెలుతురులోనే. చీకటి గదిలో నలుపు ఎంత లోతుగా ఉందన్న దానికంటే ఈ ఎండలో బొమ్మ కనిపిస్తుందా, తెరలో కిటికీ ప్రతిబింబం పడుతుందా అన్నదే ఇక్కడ ముఖ్యం. 2024లో శామ్‌సంగ్ తన ఓఎల్‌ఈడీకి పెట్టిన మెరుపు లేని పూత లాంటిది చవక టీవీలకూ దిగితే, 10 వేల నిట్ల కంటే అదే పెద్ద వార్త.

రెజల్యూషన్ దగ్గర లెక్క చేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మామూలుగా చూపు బాగున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడిగా గుర్తుపడుతుంది. 55 ఇంచుల ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు ఏడు అడుగులు దాటితే విడిగా కనిపించవు. అదే సైజు 4కే తెరలో అయితే మూడున్నర అడుగులకే కలిసిపోతాయి. 8కే అయితే రెండడుగుల లోపు కూర్చోవాలి. మన హాల్లో టీవీ ఒక గోడకు, సోఫా ఎదురు గోడకు ఉంటుంది, నడుమ తొమ్మిది పది అడుగులు. తొమ్మిది అడుగుల నుంచి 4కే చుక్కలు పూర్తిగా పనికి రావాలంటే దాదాపు 138 ఇంచుల తెర కావాలి. 8కే మీద కంపెనీలు పెట్టిన ఖర్చంతా ఈ చిన్న లెక్క ముందు నిలబడలేదు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబర్‌లో 8కే చానెల్ మొదలుపెట్టింది గానీ ఆ దారి పట్టినవాళ్లు చాలా తక్కువ, సోనీ, టీసీఎల్ లాంటివి 8కే టీవీల నుంచి తప్పుకున్నాయి. 4కే వద్దని కాదు, 50 ఇంచుల పైన ఎలాగూ అదే దొరుకుతుంది, ఓటీటీలో 4కే అంటే డేటా ఎక్కువ ఇస్తారు కాబట్టి బొమ్మ కొంత శుభ్రంగానూ ఉంటుంది. దాని కోసం అదనంగా డబ్బు పెట్టాల్సిన పని మాత్రం లేదు.

అసలు సమస్య తెరలోకి వచ్చే దాంట్లో ఉంది. వరంగల్, జనగామ, మహబూబాబాద్, మంచిర్యాల ఏ ఊరికి పోయినా సాయంత్రం సీరియళ్లు, వార్తలు నడిచేది చాలా ఇళ్లలో కేబుల్ మీదో డిష్షు మీదో, అందులోనూ ఎస్‌డీ ప్యాకేజీ మీద. ఎస్‌డీ బొమ్మలో ఉండేది అడ్డం 720, నిలువు 576, అంటే మొత్తం 4.15 లక్షల చుక్కలు. 4కే తెరలో 83 లక్షలున్నాయి. ఒక్క చుక్క సమాచారం వస్తే టీవీ ఇరవై చుక్కలు నింపాలి, పందొమ్మిది తను ఊహించుకోవాలి. 8కే అయితే ఒకటికి ఎనభై. అందుకే కొత్తగా 55 ఇంచుల టీవీ తెచ్చి బిగించిన రోజే ఇంట్లో వినిపించే మాట, "పాత టీవీలోనే బొమ్మ మంచిగుండె." నిజమే, పాత 32 ఇంచుల టీవీలో లోపాలు చిన్నగా కనిపించేవి, ఇప్పుడు అవే లోపాలు మూడింతల జాగా తీసుకుంటున్నాయి. షోరూంలో నడిచే డెమో వీడియో పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చే అసలైన 4కే, రంగులన్నీ పెంచి తీసింది, చీకటి సీను ఒక్కటీ ఉండదు. ఇంట్లో దాన్ని ఎవరూ చూడరు.

దీనికి తోడు ఇంకో చిత్రం. లాస్ వేగాస్‌లో 2025లో సెకనుకు 96 గిగాబిట్లు మోసే హెచ్‌డీఎంఐ 2.2 ప్రకటించారు. ఇక్కడ చాలా ఇళ్లలో సెటాప్ బాక్సుకూ కొత్త టీవీకీ మధ్య ఉండేది ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత వైరే. కనెక్షన్ ఇచ్చినాయన చేతిలో ఉన్న వైరు పెట్టి పోతాడు, బొమ్మ వచ్చింది కదా అని ఎవరూ అడగరు. ఆ పసుపు పిన్నులో హెచ్‌డీ అసలు పోదు. నెలనెలా హెచ్‌డీ ప్యాకేజీకి డబ్బు కడుతూ ఆ వైరు మీద చూస్తున్న ఇళ్లు కూడా ఉన్నాయి. రెండు మూడు వందల హెచ్‌డీఎంఐ వైరు మార్చితే వచ్చే తేడా, 20 వేలు ఎక్కువ పెట్టి పై మోడల్ తీసుకుంటే వచ్చే తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు.

ఈ లెక్కన చూస్తే ఏఐ అని షోలో వేసిన డప్పులో మనకు నిజంగా పనికొచ్చేది ఒక్కటే కనిపిస్తుంది, అప్‌స్కేలింగ్. లక్షల బొమ్మలను చూపించి శిక్షణ ఇచ్చిన ప్రాసెసర్, తక్కువ చుక్కల బొమ్మలో ముఖమెక్కడుంది, అక్షరమెక్కడుంది, గడ్డి ఎక్కడుంది అని గుర్తుపట్టి ఖాళీలు నింపుతుంది. మంచి ప్రాసెసర్ ఉన్న టీవీలో ఎస్‌డీ వార్తల కింద స్క్రోలింగ్ అక్షరాలు చదవొచ్చు, చవకదాంట్లో అంచులు పాకుతూ మెరుస్తాయి. దీన్ని షోరూంలో చూడాలంటే మార్గం ఒకటే, డెమో ఆపించి ఇంట్లో రోజూ చూసే ఎస్‌డీ చానెల్ పెట్టించడం. సేల్స్‌మన్ ఇబ్బంది పడతాడు. పడనీ.

ఓఎల్‌ఈడీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని మన తెలుగు వార్తా చానెళ్లతో కలిపి ఆలోచించేవాళ్లు తక్కువ. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది, వెలిగిన కొద్దీ కొంచెం కొంచెం అరుగుతుంది. తెరంతా సమానంగా అరిగితే తెలియదు. ఒకే చోట గంటల తరబడి లోగో, కింద ఎరుపు పట్టీ, పక్కన బంగారం ధర, పైన టైము ఉంటే ఆ చోట్లే ఎక్కువ అరుగుతాయి, కొన్నాళ్లకు సినిమా పెట్టినా ఆ పట్టీ నీడ మిగిలిపోతుంది. దీన్ని తగ్గించే ఏర్పాట్లు కొత్త ప్యానెళ్లలో ఉన్నాయి, ఎల్‌జీ డిస్‌ప్లే 2025లో చూపించిన నాలుగు పొరల ప్యానెల్ లాంటివి వెలుగునూ పెంచాయి. అయినా ఎన్నికల రోజుల్లో పొద్దున ఆరింటికి పెట్టిన వార్తల చానెల్ రాత్రి పదకొండు దాకా అలాగే నడిచే ఇంట్లో, బ్రేకింగ్ న్యూస్ పట్టీ తెర మూడో వంతు ఆక్రమించే రోజుల్లో, ఓఎల్‌ఈడీ కంటే మినీ ఎల్‌ఈడీనే నిశ్చింత. సినిమాలు, మ్యాచ్‌లు మాత్రమే చూసే ఇంటికి ఈ టెన్షన్ లేదు.

క్రికెట్ ఎక్కువ చూసేవాళ్లకు హెర్ట్జ్ లెక్క, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది. మన దేశంలో టీవీ ప్రసారాలు 50 హెర్ట్జ్ పద్ధతిలో వస్తాయి, గేమింగ్ కోసం పెట్టిన 144 హెర్ట్జ్ వాటికి పెద్దగా ఉపయోగపడదు. 50 సిగ్నలు వస్తే ప్యానెల్ 50కి మారుతుందా లేదా అన్నది అసలు ప్రశ్న. మారకపోతే బౌండరీకి పోయే బంతి మధ్యమధ్యలో తడబడినట్టు ఉంటుంది. నడుమ ఫ్రేములు కల్పించే మోషన్ సెట్టింగ్ మ్యాచ్‌కు బాగానే ఉంటుంది, సినిమాకు ఆపేయాలి, లేకపోతే సినిమా కూడా సీరియల్ షూటింగ్‌లాగా కనిపిస్తుంది.

శబ్దం గురించి షోలో డాల్బీ అట్మాస్ అని, గది నలుమూలలా స్పీకర్లని చాలా చెబుతారు. ఏప్రిల్‌లో మన హాల్లో కూలర్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే, పైన ఫ్యాను, పల్చటి టీవీ అడుగున కిందికి చూసే స్పీకర్లు. మాటలు వినపడక సౌండు పెంచుతారు, పాట రాగానే పక్కింటిదాకా పోతుంది. మాటలను విడిగా పైకి తెచ్చే సెట్టింగ్ ఉన్న చిన్న సౌండ్‌బార్ చాలు దీనికి.

షోలో ఎవరూ అడగని ప్రశ్న: ఎంత వేడిలో పనిచేస్తుంది? టీవీలతో వచ్చే పుస్తకాల్లో సాధారణంగా 40 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు మేలో ఎండ 45 దాటుతుంది, రేకుల గదిలో సంగతి చెప్పనక్కర్లేదు. టీవీని గోడ లోపలికి చెక్కపెట్టెలో గాలి ఆడకుండా బిగించి, చుట్టూ రంగుల లైట్లు పెట్టించే ఫ్యాషన్ ఇప్పుడు ఊళ్లకూ వచ్చింది. వెలుగు ఎక్కువున్న టీవీ వేడి కూడా ఎక్కువే పుట్టిస్తుంది, దాని వెనక నాలుగు వేళ్ల సందైనా వదలాలి. కరెంటు సంగతికొస్తే, ఇప్పటి టీవీల పవర్ సప్లై ఓల్టేజీ తక్కువైనా చాలావరకు సర్దుకుంటుంది, కాబట్టి టీవీతో పాటు అంటగట్టే స్టెబిలైజర్ అన్ని ఇళ్లకూ అవసరం లేదు. ప్రమాదం వేరే చోట ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ పోతే 230 రావాల్సిన చోట 400 దాకా రావొచ్చు, గాలివానకు పిడుగు పడితే అది కరెంటు వైరులోంచే కాదు, డిష్షు వైరులోంచి, కేబుల్ వైరులోంచి, ఇంటర్నెట్ వైరులోంచి కూడా వస్తుంది. స్విచ్ ఆపి ఊరుకుంటే సరిపోదు, ప్లగ్గుతో పాటు ఆ వైర్లన్నీ పీకేయాలి. సరైన ఎర్తింగ్ లేని ఇంట్లో స్పైక్ గార్డ్ పెట్టినా పిడుగు లాంటి సర్జ్ ముందు దాని మీద భరోసా పెట్టుకోలేం.

చెడిపోయినప్పుడు అసలు బండారం బయటపడుతుంది. మామూలు ఎల్‌ఈడీ టీవీలో కొన్నేళ్లకు వచ్చే జబ్బు, శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. వెనక లైటు స్ట్రిప్పులు పోయినట్టు. వరంగల్‌లో మెకానిక్కులు ఆ స్ట్రిప్పులు మార్చి తక్కువ ఖర్చులోనే పంపిస్తారు, దానికి కంపెనీ సర్వీసు కూడా అక్కర్లేదు. వేల చిన్న లైట్లు బోర్డు మీదే అతికించి ఉండే మినీ ఎల్‌ఈడీలో ఆ పని అంత తేలిగ్గా కాదు, బోర్డే మార్చాలి. ప్యానెల్ మీద గీతలొచ్చినా, దెబ్బ తగిలి పగిలినా ఏ టీవీకైనా ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా పోతుంది. ఎందుకంటే ఆ గాజు ఇక్కడ తయారు కాదు. హైదరాబాద్‌లో రేడియంట్ లాంటి ఫ్యాక్టరీలు పేరున్న బ్రాండ్లకు టీవీలు బిగించి ఇస్తున్నాయి, తిరుపతిలో టీసీఎల్ ప్యానెల్ మాడ్యూళ్లు బిగించే ప్లాంటు పెట్టింది, కానీ అసలు ప్యానెల్ గాజు చేసే ఫ్యాక్టరీలు ఎక్కువ చైనాలోనే ఉన్నాయి. శామ్‌సంగ్ డిస్‌ప్లే 2022లోనే ఎల్‌సీడీ తయారీ ఆపేసింది, ఎల్‌జీ డిస్‌ప్లే చైనాలోని తన గ్వాంగ్‌జౌ ఎల్‌సీడీ ప్లాంటును టీసీఎల్‌కు అమ్మేసింది. పెట్టె మీద బ్రాండ్లు పది, లోపలి ప్యానెల్ చేసేవాళ్లు కొందరే. కాబట్టి పెద్ద బ్రాండుకు ఎక్కువ ఇస్తున్న డబ్బు ఎక్కువగా ప్రాసెసర్‌కు, సర్వీసుకు పోతుంది. ఆ సర్వీస్ సెంటరు ఊళ్లోనే ఉందా, హైదరాబాద్ నుంచి మనిషి రావాలా అన్నది కొనేముందే కనుక్కోవాలి, భూపాలపల్లిలోనో సిర్పూర్‌లోనో ఉన్నవాళ్లకు ఇది బొమ్మ కంటే ముఖ్యం.

సాఫ్ట్‌వేర్ దగ్గర కూడా ఇదే కథ. 1 జీబీ ర్యామ్‌తో వచ్చే చవక స్మార్ట్ టీవీ రెండు మూడేళ్లకు మెనూ తెరవడానికే మొరాయిస్తుంది. ప్యానెల్ బాగుంటే దాన్ని పారేయనక్కర్లేదు, టీవీ వెనక గుచ్చే ఓటీటీ స్టిక్ ఒకటి పెట్టుకుంటే నడుస్తుంది. 2024 నుంచి శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంటోంది, ఎల్‌జీ ఐదేళ్లంటోంది, ఇది షో స్టాల్‌లో మెరిసేది కాదు గానీ విలువైన మాట. ఇంకో వైపు, టీవీ అమ్మిన తర్వాత కూడా కంపెనీకి ఆదాయం వస్తూనే ఉంటుంది, హోమ్ స్క్రీన్ మీద ప్రకటనలతో, మనం ఏం చూస్తున్నామో గమనించే ఏసీఆర్ అనే పద్ధతితో. అమెరికాలో విజియో అనే కంపెనీ చెప్పకుండా ఈ పని చేసినందుకు 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది. కొత్త టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు వరుసగా వచ్చే ఒప్పందాలన్నిటికీ 'సరే' నొక్కకుండా, చూసేవాటి సమాచారం అడిగే దాన్ని ఆపుకునే వీలుంటుంది.

మాటలతో నడిచే ఏఐ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 2025లో శామ్‌సంగ్, ఎల్‌జీ రెండూ మైక్రోసాఫ్ట్ కోపైలట్‌ను టీవీల్లోకి తెస్తున్నామన్నాయి, సబ్‌టైటిళ్లను అప్పటికప్పుడు అనువదించే సౌకర్యం శామ్‌సంగ్ చూపించింది. కొనేముందు ఆ భాషల లిస్టులో తెలుగు ఉందా అని చూడాలి, ఉన్నా మన ఇంట్లో మాట్లాడే తెలుగు దానికి అర్థమవుతుందా అన్నది వేరే పరీక్ష. దీనికంటే ఆసక్తిగా ఉన్న పని మన దగ్గరే జరిగింది. 2024 డిసెంబర్‌లో, ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం టీ-ఫైబర్ పైలట్‌గా మొదలైన ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి, అక్కడ టీవీ తెరనే కంప్యూటర్‌లాగా వాడుకునే ఏర్పాటు చూపించారు. 4కే ఓటీటీకి సెకనుకు 15 మెగాబిట్లు నిలకడగా ఉంటే చాలు. ఊళ్లకు ఫైబర్ వచ్చిందంటే ఎస్‌డీ గొడవ చాలావరకు తీరుతుంది, అప్పుడు గానీ ఈ తెరల సత్తా బయటికి రాదు.

ఎప్పుడు కొనాలన్నదానికి వస్తే, జనవరిలో చూపించిన మోడళ్లు మన దగ్గరికి ఎక్కువగా ఏప్రిల్, జూన్ మధ్య వస్తాయి, వచ్చినప్పుడు ధర గట్టిగా ఉంటుంది, బతుకమ్మ, దసరా ఆఫర్ల నాటికి దిగుతుంది. కొత్తవి దిగే సమయంలో పోయినేటి పై మోడల్, ఈ ఏటి కింది మోడల్ ధరకే దొరుకుతుంటుంది, చాలాసార్లు అదే మంచి బేరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచుల కంటే పెద్ద టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, పాత ధర మీద డిస్కౌంట్ అని చూపించే బోర్డును కొంచెం అనుమానంగానే చూడాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే ప్యానెల్ అందులో ఉందో లేదో రాతలో చూసుకోవాలి, నోటి మాట కుదరదు. టీవీ ఇంటికొచ్చాక పెట్టె విప్పడం దగ్గర్నుంచి గోడకు బిగించే దాకా ఫోన్లో వీడియో తీయడం ఇంకా మంచిది, గాజు పగిలి వచ్చిందా, బిగించేటప్పుడు పగిలిందా అన్న పేచీ వస్తే అక్కడ పనికొచ్చేది ఆ వీడియో ఒక్కటే.